మేటర్ యూనికోడ్‌లో కొట్టండి: ఓరుగల్లు డీటీపీ మిత్రులకు బహిరంగ లేఖ

వరంగల్, హనుమకొండ, కాజీపేటల్లో డీటీపీ సెంటర్లు నడుపుతున్న అన్నలకు, ఆ సెంటర్లలో పొద్దుగాల కూర్చుంటే చీకటి పడేదాకా కీబోర్డు వదలని అక్కలకు, తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నమస్తే.

నేనూ ఈ పనిలోనే ఉన్నాను. హనుమకొండలో ఇంటి దగ్గరే కూర్చుని పుస్తకాల ప్రూఫులు దిద్దుతాను, పేజీలు పెడతాను, బతిమాలితే కవర్ కూడా చేస్తాను. మీకు పోటీ వచ్చేంత పని కాదు నాది, మీ దగ్గర కంపోజ్ అయిన మేటరే చాలాసార్లు తిరిగి నా దగ్గరికి వస్తుంది. అందుకే ఈ మాటలు చెప్పే చనువు తీసుకుంటున్నాను, ఎక్కడైనా మాట కటువుగా పడితే మనోడే కదా అని సర్దుకోండి.

నేను అడిగేది ఒక్కటే. ఇకనుంచి కొత్తగా కొట్టే తెలుగు మేటర్ యూనికోడ్‌లో (ప్రతి అక్షరానికీ అన్ని కంప్యూటర్లలో, ఫోన్లలో ఒకే నంబరు ఉండే పద్ధతిలో) కొట్టండి, పని అయిపోయాక పీడీఎఫ్‌తో పాటు ఆ మేటర్ ఫైలు కూడా కస్టమర్ చేతిలో పెట్టండి. విండోస్ బదులు లినక్స్ ఎక్కించుకుంటారా, పేజీలు పెట్టే పాత పేజ్‌మేకర్ తీసేస్తారా అనేది మీ ఇష్టం. దాని గురించి కూడా కింద చెప్తాను, కానీ అది సలహా మాత్రమే, విన్నపం మాత్రం ఇది.

మన షాపుల సంగతి మీకు నేను చెప్పేదేముంది. మూలకు ఒక పాత కంప్యూటర్, అందులో విండోస్ 7, వైరస్ భయానికి నెట్ కేబుల్ పీకేసి ఉంటుంది. అందులో పేజ్‌మేకర్ 7. ఆ పేజ్‌మేకర్ వచ్చింది 2001లో, దాన్ని ఇక ముందుకు తీసుకుపోవట్లేదని అడోబీ వాళ్లు 2004లోనే చెప్పేశారు. 2001లో పుట్టిన పిల్ల డిగ్రీ అయిపోయి, ఉద్యోగం చూసుకుని, పెళ్లి కార్డు కొట్టించుకోవడానికి మన కౌంటర్ దగ్గరికి వస్తోంది, మనం ఆ కార్డును ఇంకా ఆ పేజ్‌మేకర్‌లోనే చేస్తున్నాం. చేస్తున్నందుకు తప్పు పట్టను. పని నడుస్తోంది కదా, నడిచేదాన్ని ఎందుకు కదిలించాలి అనేది మన లైన్‌లో మంచి సూత్రమే. కానీ అక్కడ నడుస్తున్నది పేజీ ఒక్కటే, మేటర్ నడవట్లేదు.

ఎట్లాగంటారా, ఒక చిన్న పని చేసి చూడండి. పోయిన నెల చేసిన ఏదో ఒక పీడీఎఫ్ తెరవండి. కంట్రోల్ ఎఫ్ కొట్టి, ఫోన్‌లో టైప్ చేసినట్టే మామూలుగా "తెలంగాణ" అని వెతకండి. ఆ మాట పేజీ మీద పెద్ద అక్షరాల్లో కళ్ల ముందే ఉంటుంది, కంప్యూటర్ మాత్రం లేదంటుంది. ఆ లైను కాపీ చేసి వాట్సాప్‌లో పేస్ట్ చేయండి. ఇంగ్లీషు అక్షరాలు, కొక్కేలు, డాలర్ గుర్తులు, ఏవో ఫ్రెంచి అక్షరాలు వరుసగా పడతాయి. ఎందుకంటే అను, శ్రీలిపి లాంటి పాత పద్ధతి ఫాంట్లలో తెలుగు అక్షరాల ముక్కల్ని, అంటే తలకట్టు, కొమ్ము, వత్తు, దీర్ఘం వీటిని, ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన గళ్లలో కూర్చోబెట్టారు. మన కంటికి అది తెలుగు, కంప్యూటర్‌కు మాత్రం అర్థం లేని ఇంగ్లీషు. ఫాంటు ఉన్నంతసేపే అది తెలుగు. ఫాంటు లేని మిషన్ మీద పడిందా, అంతే సంగతులు.

ఆ ఫాంట్లు చేసినవాళ్లను తిట్టడానికి ఈ లేఖ రాయట్లేదు, ఆ మాట ముందే చెప్తున్నాను. సీసం అక్షరాలు ఏరి కూర్చే కాలం నుంచి ఆఫ్‌సెట్‌కు మనల్ని దాటించింది అవే. అప్పుడు వేరే దారి లేదు. తెలుగు 1991లోనే యూనికోడ్‌లోకి వచ్చింది, విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు కూడా వచ్చింది, కానీ పేజ్‌మేకర్‌కు యూనికోడ్ తెలియదు, మన పనంతా పేజ్‌మేకర్‌లో ఉంది, కాబట్టి మనం అక్కడే ఆగిపోయాం. ఆ అడ్డు ఇప్పుడు లేదు. అయినా ఆగే ఉన్నాం, దాని గురించే నా బాధ.

ఒక సారు కథ చెప్తాను, పేరు వద్దు. జనగామ వైపు ఊళ్లలో టీచర్‌గా చేసి రిటైరయ్యారు. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఊరూరా తిరిగి ఒగ్గు కథలు, బతుకమ్మ పాటలు, ముసలమ్మలు చెప్పుకునే సామెతలు నోట్‌బుక్కుల్లో రాసుకున్నారు. చాలా ఏళ్ల కింద సొంత డబ్బులతో పుస్తకం వేశారు, డెమ్మీ సైజు, మంచి పుస్తకం. కాపీలు అయిపోయాయి. ఈ మధ్య ఎవరో రెండో ముద్రణ వేద్దామన్నారు. సారు అప్పట్లో కంపోజ్ చేసిన షాపుకు పోతే, ఆ ఆపరేటర్ అమ్మాయి ఎప్పుడో మానేసింది, ఆ కంప్యూటర్ హార్డ్ డిస్క్ పోయింది, షాపే చేతులు మారింది. సారు దగ్గర ఒక సీడీ ఉంది. దాన్ని చదివే డ్రైవ్ దొరకబుచ్చుకుని తెరిస్తే అందులో పేజ్‌మేకర్ ఫైలు, అది కూడా ఏ వెర్షన్ ఫాంటుతో చేశారో తెలియని ఫైలు. మన దగ్గరున్న ఫాంటుతో తెరిస్తే వత్తులన్నీ చెల్లాచెదురయ్యాయి, 'క్ష' ఉండాల్సిన చోటల్లా ఇంకేదో కూర్చుంది.

చివరికి ఏం చేశామంటే, అచ్చు పుస్తకాన్నే స్కాన్ చేశాం. టెసరాక్ట్ అని ఒక ఓసీఆర్ సాఫ్ట్‌వేర్ ఉంది, అంటే బొమ్మలో ఉన్న అక్షరాల్ని చదివి మేటర్‌గా మార్చేది, 1980లలో హెచ్‌పీ కంపెనీలో మొదలైంది, 2005లో దాని కోడ్ అందరికీ తెరిచేశారు, తెలుగు కూడా చదువుతుంది. జీఇమేజ్‌రీడర్ అనే కిటికీలో పేజీ బొమ్మ ఒకవైపు, అది చదివిన తెలుగు ఒకవైపు పెట్టుకుని, నేను దిద్దుతూ పోయాను. అచ్చు శుభ్రంగా ఉన్న పేజీలు బాగానే వచ్చాయి. సిరా పారిన పేజీల్లో 'మ' కాస్తా 'వు' అయ్యేది, 'థ' పొట్టలో చుక్క పోయి 'ధ' అయ్యేది. మామూలు తెలుగైతే అలవాటు మీద దిద్దుకుంటూ పోవచ్చు. ఇది ఒగ్గు కథ. 'ఇగ', 'గట్ల', 'అవ్వల్ల' లాంటి మాటలు వచ్చినప్పుడు తప్పు ఓసీఆర్‌దా, లేక అది ఆ కథ చెప్పినామె పలుకుబడా అని ప్రతిసారీ సారుకు ఫోన్ చేయాల్సి వచ్చేది. ఆయన ఒకసారి "ఇదంతా ఒకప్పుడు ఆ పిల్ల కంప్యూటర్‌లో కొట్టింది కదా బాబూ, మళ్లీ మొదటి నుంచి ఎందుకు" అని అడిగారు. నాకు జవాబు దొరకలేదు. నిజమే, ఒక అమ్మాయి ప్రతి అక్షరం కొట్టింది, సారు కూలి కట్టారు, ఆ కష్టమంతా ఫాంటుతో పాటే పోయింది.

ఆ రోజు ఆ మేటర్ యూనికోడ్‌లో ఉండి, సారు మెయిల్‌లోనో పెన్‌డ్రైవ్‌లోనో ఒక మామూలు టెక్స్ట్ ఫైలుగా పడి ఉంటే, రెండో ముద్రణ పేజీలు పెట్టడం వారం పని. పైగా అందులోంచి మన పలుకుబడి మాటలన్నీ వెతికి, అక్షర క్రమంలో పేర్చి, చిన్న నిఘంటువు కూడా తీయొచ్చు. పాత ఫాంటు మేటర్‌ను అక్షర క్రమంలో పేర్చమంటే కంప్యూటర్ ఇంగ్లీషు వరుసలో పేరుస్తుంది, 'అ' ఎక్కడో, 'ఆ' ఇంకెక్కడో.

కేయూ (కాకతీయ యూనివర్సిటీ) క్రాస్ రోడ్ దగ్గర మన షాపుల్లోనే కదా తెలుగు థీసిస్‌లు తయారయ్యేది. పీహెచ్‌డీ థీసిస్ సాఫ్ట్ కాపీ ఇవ్వాలని యూజీసీ 2009లోనే నిబంధన పెట్టింది, అవి శోధ్‌గంగ అనే ఆన్‌లైన్ థీసిస్‌ల భాండారంలోకి ఎక్కుతాయి. అక్కడ దేశం మొత్తం మీద ఎవరైనా చదువుకోవచ్చు. కానీ పాత ఫాంటులో చేసిన తెలుగు థీసిస్‌ను తెరిచి లోపల ఒక మాట వెతకమనండి చూద్దాం. పిల్లలు ఏళ్ల తరబడి చేసిన పని, బయటికి వచ్చేసరికి అది బొమ్మల పుస్తకం అయిపోతోంది. చూపు లేని విద్యార్థులు స్క్రీన్ చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ పెట్టుకుని వింటారు, ఈస్పీక్ అనే ఉచిత గొంతుకు తెలుగు కూడా వచ్చు, కొంచెం మిషన్ లాగా మాట్లాడినా అర్థమవుతుంది. వాళ్లకు ఈ ఫైళ్లు ఇస్తే ఇంగ్లీషు అక్షరాలు గొణుగుతుంది.

సెప్టెంబర్ 9 వస్తే ఇంకో తమాషా. కాళోజీ పుట్టినరోజు, తెలంగాణ భాషా దినోత్సవం. ఊరంతా బ్యానర్లు, కరపత్రాలు, ఆహ్వాన పత్రికలు, మనకూ నాలుగు రూపాయలు. జనం మాట్లాడే భాషలోనే రాయాలని జీవితమంతా చెప్పిన మనిషి పేరు మీద కొట్టే ఆ మేటర్‌ను కంప్యూటర్ తెలుగు అని గుర్తుపట్టదు. నిర్వాహకులు పాపం అదే మేటర్ ఫేస్‌బుక్‌లో పెట్టాలంటే మళ్లీ ఫోన్‌లో మొదటి నుంచి కొట్టుకుంటారు, లేకపోతే ఫొటో తీసి పెడతారు.

ఇప్పుడు మీ మాట. నాకు తెలుసు, చాలామంది పైకి చెప్పరు కానీ లోపల ఉన్న భయం ఇది: ఫైలు ఇచ్చేస్తే కస్టమర్ వచ్చేసారి పక్క షాపుకు పోతాడు. పోతాడు, కొందరు పోతారు. అబద్ధం చెప్పను. కానీ ఆ ఫైలు దాచుకోవడం వల్ల నిజంగా ఎంతమంది ఆగారు? ఆహ్వాన పత్రిక మేటర్ వచ్చే ఏడుకు పనికిరాదు. పుస్తకం రాసినవాళ్లు మన దగ్గరికి తిరిగి వచ్చేది మేటర్ మన కంప్యూటర్‌లో ఇరుక్కుందని కాదు, పేజీ బాగా పెడతామని, తప్పులు తక్కువ పోతాయని, అడిగిన రోజుకు ఇస్తామని. మరి ఆ మేటర్ ఎవరిది? రాసింది వాళ్లు, డబ్బులు కట్టింది వాళ్లు. మనం కొట్టినందుకు కూలి తీసుకున్నాం. బీరువా వాళ్లింట్లో పెట్టి తాళంచెవి మన జేబులో వేసుకుని తిరగడం న్యాయం కాదు కదా అన్నా.

ఇంకో మాట అంటారు: పాత ఫాంటు మేటర్‌ను యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి కదా, కావాలంటే మార్చుకుంటారు. ఉన్నాయి, నేనూ వాడతాను, పాత మేటర్‌కు అవే దిక్కు. కానీ ఏం జరుగుతుందో దగ్గర నుంచి చూసినవాణ్ని. మేటర్ మధ్యలో ఇంగ్లీషులో రాసిన ఆస్పత్రి పేరో, మందు పేరో ఉంటుంది. పేజ్‌మేకర్‌లో దానికి వేరే ఫాంటు. కాపీ చేసి కన్వర్టర్‌లో వేసేసరికి ఏది ఏ ఫాంటో పోతుంది, అంతా ఒకే ముద్ద. అప్పుడా ఇంగ్లీషు పేరు కూడా తెలుగు ముక్కలుగా మారిపోయి, లేని భాషలో ఒక మాట పుడుతుంది. అది తప్పని చూడగానే తెలుస్తుంది కాబట్టి ఫర్వాలేదు. ప్రమాదం ఎక్కడంటే, ఒక వత్తు జారి పక్క అక్షరానికి అంటుకుని ఇంకో సరైన మాట అయి కూర్చున్నప్పుడు. ప్రూఫ్ చూసేవాడి కళ్లు కూడా దాటేస్తాయి. ఆ తిప్పలన్నీ పాత మేటర్‌కు ఎట్లాగూ తప్పవు. కొత్తగా కొట్టేదానికి కూడా ఎందుకు?

ఆఫీసుల పని చేసే షాపులకు ఒక్క ముక్క. భారతీయ భాషల్లో ఈ-గవర్నెన్స్ పనికి యూనికోడే ప్రమాణం అని కేంద్రం 2009 నవంబర్‌లోనే నోటిఫై చేసింది. ఎవరైనా సెక్షన్ వాళ్లు పాత ఫాంటులోనే కావాలంటే ఈ సంగతి గుర్తుచేయండి, మెల్లగా.

సరే, నా టేబుల్ మీద ఏముందో చెప్తాను. ఇది చూసి నేనేదో పెద్ద కంప్యూటర్ ఇంజనీర్ అనుకోకండి, మీలాగే కీబోర్డు నేర్చుకుని వచ్చినవాణ్ని.

ఒక సెకండ్ హ్యాండ్ డెస్క్‌టాప్, ఏదో ఆఫీసు వాళ్లు వదిలించుకున్నది. విండోస్ 11కు పనికిరాదని తేల్చిన మిషన్. దాంట్లో పాత హార్డ్ డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ వేయించాను, ర్యామ్ 8 జీబీ చేయించాను. పైన డెబియన్ లినక్స్, ఎక్స్ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్. డెబియన్ 1993 నుంచి ఉంది, దాని వెనక కంపెనీ లేదు, ప్రపంచమంతా ఉన్న వాలంటీర్లు కలిసి చేస్తారు. నాకు అందులో నచ్చేది ఏంటంటే, నా అనుమతి లేకుండా పని మధ్యలో అప్‌డేట్ అని ఆగిపోదు. రేపు పొద్దున ప్లేట్‌కు పోవాల్సిన ఫారం చేస్తున్నప్పుడు అప్‌డేట్ తిరగడం మొదలైతే ఆ టెన్షన్ ఎట్లుంటుందో మీకు తెలుసు.

మీరు ముందు అడిగేది కీబోర్డు గురించే కదా. లినక్స్‌లో వేరే భాషలు కొట్టడానికి ఐబస్ అని ఒకటి ఉంది, దాంతో పాటు ఎం17ఎన్ అనే ప్యాకేజీ వేసుకుంటే తెలుగుకు ఇన్‌స్క్రిప్ట్, ఆపిల్, ఆర్‌టీఎస్ లాంటి లేఅవుట్లు వచ్చేస్తాయి. ఆపిల్ కీబోర్డు అలవాటైన వేళ్లకు అక్కడక్కడ ఒక మీట అటూ ఇటూ అనిపించొచ్చు, కానీ మొదటి నుంచి నేర్చుకోవాల్సిన పని లేదు. ఫోన్‌లో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే కొత్త పిల్లలకు ఆర్‌టీఎస్ పద్ధతి ఇంకా తేలిక. కాంట్రాక్టు మీద కొట్టి ఇచ్చేవాళ్లకు మాత్రం నా సలహా ఇన్‌స్క్రిప్ట్, స్పీడ్ దాంట్లోనే ఉంది. విండోస్‌లో కూడా ఇన్‌స్క్రిప్ట్ దానితోనే వస్తుంది, అంటే నా విన్నపం తీర్చడానికి మీరు లినక్స్ జోలికే రానక్కర్లేదు.

మేటర్ కొట్టేది లిబ్రేఆఫీస్ రైటర్‌లో. మామూలు పుస్తకాలైతే, కథలు, వ్యాసాలు, పేజీలు కూడా అందులోనే పెట్టేస్తాను. స్టైల్స్ సరిగ్గా పెట్టుకుంటే 300 పేజీల పుస్తకంలో శీర్షికల సైజు ఒక్క చోట మారిస్తే అన్ని చోట్లా మారుతుంది, పేజ్‌మేకర్‌లో స్టైల్స్ వాడే అలవాటున్న వాళ్లకు ఇది కొత్తేం కాదు. తెలుగు స్పెల్లింగ్ డిక్షనరీ ఉంది, మన సంధులకు, విభక్తులకు అది సగం మాటల కింద ఎర్ర గీత గీస్తుంది, నేనైతే చివరి ప్రూఫ్‌లో మాత్రమే ఆన్ చేస్తాను. మాట లైను చివర విరగాల్సి వస్తే ఎక్కడ విరగాలో చెప్పే తెలుగు నియమాలు కూడా ప్యాకేజీగా దొరుకుతాయి. రెండు కాలమ్‌ల పత్రికలకు అది లేకపోతే మాటల మధ్య ఖాళీలు పళ్లూడిన నోరు లాగా కనపడతాయి.

పత్రికలు, బ్రోచర్లు, బొమ్మలు ఎక్కువున్న పుస్తకాలు స్క్రైబస్‌లో. పేజ్‌మేకర్‌కు అసలైన బదులు ఇదే. పాత 1.4 వెర్షన్‌లో తెలుగు వేస్తే వత్తులు విడిపోయేవి, ఆ అనుభవంతో దాన్ని పక్కన పెట్టినవాళ్లు మనలో ఉన్నారు. ఆ తర్వాత హార్ఫ్‌బజ్ అనే అక్షరాల కూర్పు ఇంజన్ అందులో చేర్చారు, 2024 జనవరిలో వచ్చిన 1.6లో తెలుగు చక్కగా కుదురుతుంది. అచ్చుకు కావాల్సిన నాలుగు రంగుల సీఎంవైకే ఉంది, ప్రెస్‌కు కావాల్సిన పీడీఎఫ్ ఎక్స్ రకాలు ఉన్నాయి, బ్లీడ్, కటింగ్ మార్కులు అన్నీ ఉన్నాయి. లోగోలు, శుభలేఖల డిజైన్లు ఇంక్‌స్కేప్‌లో, ఫొటోలు గింప్‌లో.

ఫాంట్ల సంగతి. మన బమ్మెర పోతన పేరున్న పోతన 2000, దాంతో పాటు వేమన 2000, రెండూ డెబియన్ తెలుగు ఫాంట్ల ప్యాకేజీలోనే వస్తాయి. మండలి, సురవరం, రామభద్ర, పొన్నాల, లక్కిరెడ్డి, రవిప్రకాష్ లాంటివి గూగుల్ ఫాంట్స్ నుంచి దించుకోవచ్చు, ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద ఉన్నాయి కాబట్టి కమర్షియల్ పనికి కూడా ఎవరికీ పైసా కట్టక్కర్లేదు. బాడీ మేటర్‌కు నేను మండలి వాడతాను, పత్రికల కోసమే చేసిన ఫాంటు అది. హెడ్డింగ్‌కు రామభద్ర. చేతిరాత లాగా కావాలంటే లక్కిరెడ్డి.

ఈ సాఫ్ట్‌వేర్లన్నీ ఎన్ని కంప్యూటర్లలోనైనా వేసుకోవచ్చు, పక్క షాపాయనకు కాపీ ఇవ్వొచ్చు, తెలిసినవాళ్లయితే లోపల కోడ్ మార్చుకోవచ్చు, ఇదంతా లైసెన్సులోనే రాసిపెట్టి ఉంటుంది. రిచర్డ్ స్టాల్‌మన్ అనే అమెరికా ప్రోగ్రామర్ 1983లో ఈ ఆలోచన మొదలుపెట్టాడు, 1991లో ఫిన్లాండ్‌లో లినస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి లినక్స్ మొదలుపెట్టాడు. తెలుగు యూనికోడ్‌కు ఎక్కిందీ ఆ ఏడే. ఇదేమీ దొంగ సరుకు కాదు. దొంగ సరుకు మన దగ్గరే ఉంది, క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్లు, వాటి కీ తయారుచేసే ఫైళ్లు, వాటితో పాటు దిగే వైరస్‌లు. పెన్‌డ్రైవ్ పెట్టగానే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లు అయిపోవడం చూడని ఆపరేటర్ ఈ ఊళ్లో ఉన్నారా?

ఎక్కడ కుదరదో కూడా చెప్పాలి కదా, లేకపోతే నమ్మరు, నమ్మకూడదు కూడా. ఇంక్‌స్కేప్ ఇచ్చే పీడీఎఫ్ స్క్రీన్ రంగుల్లో, అంటే ఆర్‌జీబీలోనే వస్తుంది, రంగుల పని అయితే దాన్ని స్క్రైబస్‌లోకి తెచ్చి బయటికి తీయాలి, ఒక మెట్టు ఎక్కువ. ఫ్లెక్సీ వాళ్లు కోరల్ ఫైలే కావాలంటారు. ఇంక్‌స్కేప్ కోరల్ ఫైళ్లను కొంతవరకు తెరుస్తుంది, కానీ తిరిగి కోరల్‌లోకి ఇవ్వలేదు, పీడీఎఫ్ తీసుకోండన్నా అని బతిమాలుకోవాల్సిందే. స్క్రైబస్‌లో పెద్ద అధ్యాయం మొత్తం ఒకేసారి పోస్తే నెమ్మదిస్తుంది, ముక్కలు చేసి పెట్టుకోవాలి. శుభలేఖల్లో వాడే పూలతీగల అక్షరాలు, మెలికల అక్షరాలు పాత ఫాంట్లలో ఉన్నంత రకరకాలుగా యూనికోడ్‌లో ఇంకా లేవు. పెళ్లి కార్డుల మీదే బతికే షాపులకు అది నిజమైన ఇబ్బంది, నేను కాదనను. ఆ రెండు లైన్ల హెడ్డింగ్ పాత ఫాంటులోనే చేసుకోండి, ఎవరూ ఏమనరు, కింద మేటర్ మాత్రం యూనికోడ్‌లో కొట్టండి. యూనికోడ్ పీడీఎఫ్‌ల నుంచి కాపీ చేసినా కొన్నిసార్లు వత్తులు చెదురుతాయి, అందుకే పీడీఎఫ్ ఒక్కటే చాలదు, మేటర్ ఫైలు కూడా ఇవ్వండి అని మొదట్లోనే అడిగాను.

ఇదంతా ఒక్కడు ఇంట్లో కూర్చుని చేసుకునే పనికి సరే, రోజూ డెడ్‌లైన్ ఉన్నవాళ్లకు కుదురుతుందా అంటారా. కేరళలో జనయుగం అని దినపత్రిక ఉంది. 2019లో ఆ పత్రిక మొత్తం పేజ్‌మేకర్ నుంచి స్క్రైబస్‌కు, పాత ఫాంట్ల నుంచి యూనికోడ్‌కు మారింది. కంప్యూటర్లలో కుబుంటు అనే లినక్స్, బొమ్మలకు గింప్, క్రిటా, ఇంక్‌స్కేప్. మలయాళం కూడా మన తెలుగులాగే వత్తులు, గుణింతాలు ఉన్న భాష. రోజూ రాత్రి పేజీలు వదలాల్సిన వాళ్లే మారగలిగారంటే, పుస్తకానికి నెల గడువు తీసుకునే మనకు ఏం అడ్డం? వాళ్లు ముందు సిబ్బందికి నేర్పి మరీ మారారు, మనం కూడా అట్లే, ఆపరేటర్ల మీద ఒక్కసారిగా రుద్దితే మాత్రం పని చెడుతుంది. ముఖ్యంగా పేజీ లెక్కన డబ్బులు తీసుకునే అక్కలకు, చెల్లెళ్లకు నేర్చుకునే రోజుల్లో స్పీడ్ తగ్గుతుంది, ఆ నష్టం ఓనర్లు భరించాలి. ఈ మాట ఓనర్లకు నచ్చదని తెలుసు.

ప్రెస్ ఓనర్లకు కూడా ఒక మాట. "పీఎం ఫైల్ తెచ్చి ఇవ్వు" అని పేజ్‌మేకర్ ఫైలే అడగడం మానేయండి. ఫాంట్లు లోపల పొదిగిన పీడీఎఫ్ ఇస్తే సీటీపీకి (కంప్యూటర్ నుంచి నేరుగా ప్లేట్ తీసే మిషన్‌కు) ఏ ఇబ్బందీ ఉండదు, ట్రేసింగ్ తీసే రోజుల్లో లాగా మీ మిషన్‌లో మా ఫాంటు ఉందా లేదా అన్న గోల కూడా ఉండదు.

విండోస్ 10కు మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు కావాలి, ఇంటెల్ అయితే ఎనిమిదో జనరేషన్ నుంచి పైవి కావాలి. మన షాపుల్లో సగం మిషన్లు అందులో పడవు. ఎట్లాగూ ఏదో ఒకటి చేయాల్సిన టైం వచ్చింది కాబట్టే ఇప్పుడు రాస్తున్నాను.

పెళ్లిళ్ల సీజన్‌లో ఎవరి కంప్యూటర్‌నూ ముట్టొద్దు, ఆ మాట నేనే చెప్తున్నాను. ఆషాఢంలో చూద్దాం. కార్డుల పని ఉండదు, ఆపరేటర్లు కూడా తీరిగ్గా ఉంటారు. చౌరస్తా దగ్గర ఎవరి షాపులోనైనా ఒక ఆదివారం కూర్చుందాం, ఒక పాత మిషన్ పక్కన పెట్టండి, పనిచేసేది వద్దు. పెన్‌డ్రైవ్ నుంచే డెబియన్ నడిపి చూపిస్తాను, హార్డ్ డిస్క్‌ను ముట్టుకోకుండానే. మీ ప్రింటర్ మోడల్ మాత్రం ముందే చెప్పండి, కొన్ని పాత లేజర్ ప్రింటర్లకు లినక్స్ డ్రైవర్ వెతకడానికి టైం పడుతుంది, అది ముందురోజే చూసుకుని వస్తాను.

ఇట్లు,
హనుమకొండ నుంచి మీ ప్రూఫ్ రీడర్